లిఫీ ఒడ్డున రెండేళ్ల గడువు

ఒకప్పుడు ఆకలికి తాళలేక జనం ఓడలెక్కి వెళ్లిపోయిన రేవు అది. ఇప్పుడు అదే రేవుకు చదువుల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి దిగుతున్నారు. వారిలో మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. ఇంతకీ డబ్లిన్‌లో బిజినెస్ పీజీ చేస్తే ఉద్యోగం వస్తుందా? ఆ ఊరి వీధుల్లో ఓసారి నడిచి వస్తే జవాబు దొరుకుతుంది.

ఉదయం ఎనిమిదిన్నర. డబ్లిన్ నగరం నడుమ నుంచి పారే లిఫీ నది మీద సన్నటి తుంపర. కస్టమ్ హౌస్ రేవు గట్టున కొందరు మనుషులు నడుస్తున్నారు. ఎముకల గూళ్లలాంటి ఒళ్లు, పీలికలైన బట్టలు, గుండెలకు హత్తుకున్న చిన్న మూటలు. వెనకాలే బక్కచిక్కిన ఓ కుక్క. ఎంతసేపు చూసినా వాళ్లు ఒక్క అడుగూ ముందుకు వేయరు. ఎందుకంటే... అవి కంచు విగ్రహాలు!

ఐర్లండ్ మహా కరువుకు గుర్తుగా శిల్పి రోవన్ గిలెస్పీ చేసిన ఈ బొమ్మల్ని 1997లో ఇక్కడ నిలబెట్టారు. వాళ్ల పక్క నుంచే, వీపున బ్యాగులతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో బిలబిలమంటూ వెళుతుంటారు మరికొందరు. చెన్నై, పుణె, లాగోస్, షాంఘై... ఎక్కడెక్కడి నుంచో వచ్చిన విద్యార్థులు. జాగ్రత్తగా వింటే 'ఒరేయ్, ఇవాళ ప్రెజెంటేషన్ నీదా, నాదా?' అని మన గుంటూరు, వరంగల్ యాసలు కూడా వినిపిస్తాయి. విగ్రహాలకు వెనకవైపు అద్దాల మేడలు. ప్రపంచంలోని పెద్దపెద్ద బ్యాంకుల బోర్డులు. పిల్లల చూపంతా ఆ మేడల మీదే.

కూలి కోసం ఈ గట్టు నుంచి వెళ్లిపోయినవాళ్లు కొందరు. కొలువు కోసం ఈ గట్టుకు చేరినవాళ్లు ఇంకొందరు. రెండు ప్రయాణాలకూ నడుమ దూరం నూట డెబ్భై ఏళ్లకు పైమాటే.

పంపిన ఊరే పిలిచింది

1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంటకు తెగులు పట్టింది. పేదవాడికి అదే తిండి. వరసగా కొన్నేళ్లు పంట పోయింది. పది లక్షలమంది చనిపోయారు. అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కి అమెరికాకో, ఇంగ్లండుకో, కెనడాకో వెళ్లిపోయారు. 1841లో ఆ ద్వీపం జనాభా ఎనభై లక్షలు దాటి ఉండేది. నేటికీ ఆ లెక్కను మళ్లీ అందుకోలేదంటే దెబ్బ ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

కరువు పోయినా వలస ఆగలేదు. 1922లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రతి తరంలోనూ పిల్లలు పెట్టెలు సర్దుకుంటూనే ఉన్నారు. 1980లలో అయితే డిగ్రీలు చేతబట్టుకుని లండన్‌కూ, న్యూయార్క్‌కూ పోయారు. 'పిల్లల్ని చదివించేదే పరాయి దేశానికి పంపడానికి' అని తల్లిదండ్రులు నిట్టూర్చిన రోజులవి. ఆ నిట్టూర్పు మన పల్లెల్లో కూడా కొత్తదేం కాదు కదా!

ఆ పరిస్థితిని మార్చాలనుకున్న ప్రభుత్వం 1987లో ఓ పని చేసింది. పాతబడి, తుప్పు పట్టిన ఈ రేవు ప్రాంతాన్నే అంతర్జాతీయ ఆర్థిక సేవల కేంద్రంగా ప్రకటించింది. ఇక్కడికొచ్చే కంపెనీలకు పన్ను పది శాతమేనంది. తర్వాత దేశమంతటా కంపెనీ పన్ను పన్నెండున్నర శాతమైంది. బ్యాంకులు వచ్చాయి. మ్యూచువల్ ఫండ్ల లెక్కలు చూసే సంస్థలు వచ్చాయి. 2003లో గూగుల్ వచ్చింది. దాని వెనకే మిగతా ఇంటర్నెట్ కంపెనీలూ వరస కట్టాయి. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ తప్పుకొన్నాక, లండన్‌లోని కొన్ని ఆర్థిక సంస్థలు తమ ఐరోపా కార్యాలయాల కోసం చూసింది కూడా డబ్లిన్ వైపే. ఇంగ్లిషు మాట్లాడే దేశం, ఐరోపా సమాఖ్యలో సభ్యత్వం, తక్కువ పన్ను... మూడూ ఒకేచోట దొరికాయి. బిజినెస్ చదవాలనుకునే విదేశీ విద్యార్థిని ఇక్కడికి లాక్కొచ్చేదీ ఆ మూడే.

అయితే ఈ కథంతా పైకే పోలేదు. రేవు వెంట ఇంకాస్త ముందుకు నడిస్తే నార్త్ వాల్ గట్టు మీద కేంద్ర బ్యాంకు భవనం కనిపిస్తుంది. నిజానికి దాన్ని మొదలుపెట్టింది ఆంగ్లో ఐరిష్ బ్యాంకు, తన ప్రధాన కార్యాలయం కోసం. 2008 సంక్షోభంలో ఆ బ్యాంకే కూలిపోయింది. సగం కట్టిన అస్థిపంజరం ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉండేది. 2010లో దేశమే అప్పు కోసం ఐరోపా సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధుల ముందు చేయి చాచింది. చివరికి ఆ అస్థిపంజరాన్నే పూర్తిచేసి 2017లో కేంద్ర బ్యాంకు అందులోకి మారింది. ఆ దారిన పోయే ప్రతి బిజినెస్ విద్యార్థికీ అదో పాఠం. కొలువులకూ ఆటుపోట్లుంటాయి!

గిరిగారు చదివిన ఊరు

డబ్లిన్‌కు మనవాళ్లు వెళ్లడం నిన్నమొన్నటి సంగతి కాదు. బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఇక్కడికే వచ్చారు. యూనివర్సిటీ కాలేజీలో చేరారు. అదే కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన థామస్ మెక్‌డోనా 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. తిరుగుబాటును అణిచేశాక ఆయన్ని కాల్చి చంపారు. విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని దేశం విడిచిపొమ్మన్నారు. అలా 1916లో తిరిగొచ్చిన ఆ విద్యార్థే కార్మిక నాయకుడై, మంత్రియై, 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

బంధం అటు నుంచి ఇటు కూడా ఉంది. మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. 1919లో టాగూర్ అక్కడికి వచ్చి 'జనగణమన'ను ఇంగ్లిషులోకి అనువదించుకున్నప్పుడు, దాని స్వరాలను కాగితం మీద పెట్టింది కజిన్స్ భార్య మార్గరెట్. ఆమె కూడా ఐర్లండ్ ఆడపడుచే.

గిరిగారి కథలో నేటి విద్యార్థి గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆయన చదివిన ఊళ్లో స్థిరపడలేదు. అయినా ఆ చదువు వృథా పోలేదు.

ట్రామ్ ఎక్కితే కాలేజీలే

డబ్లిన్‌లో తిరగడానికి లువాస్ అనే ట్రామ్ ఉంది. ఐరిష్ భాషలో ఆ మాటకు 'వేగం' అని అర్థం. ఎర్ర లైను మీద వెళితే ఆర్థిక కేంద్రం నడిబొడ్డున ఒక స్టాపు పేరులోనే కాలేజీ ఉంటుంది... మేయర్ స్క్వేర్ ఎన్‌సీఐ. అంటే నేషనల్ కాలేజ్ ఆఫ్ ఐర్లండ్. క్లాసు కిటికీలోంచి చూస్తే బ్యాంకులే కనిపిస్తాయి. నది దాటి కాస్త పడమరకు వెళితే 1592లో పుట్టిన ట్రినిటీ కాలేజీ. పాత రాతి గోడల వెనక, పియర్స్ వీధి వైపు, దాని కొత్త బిజినెస్ స్కూలు భవనం 2019లో తెరిచారు. సముద్రం పక్కన పోయే డార్ట్ రైలెక్కితే బ్లాక్‌రాక్. అక్కడ యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ వారి స్మర్ఫిట్ స్కూలు. ఒకప్పుడు టీచర్లకు శిక్షణ ఇచ్చిన ఆవరణ అది. ఉత్తరాన గ్లాస్‌నెవిన్‌లో డబ్లిన్ సిటీ యూనివర్సిటీ. దక్షిణాన, ఒకప్పటి సైనిక శిబిరంలో గ్రిఫిత్ కాలేజీ. నగరం మధ్యలో డబ్లిన్ బిజినెస్ స్కూలు.

ఫైనాన్స్, అకౌంటింగ్, బిజినెస్ అనలిటిక్స్, సప్లయ్ చెయిన్, మార్కెటింగ్, మానవ వనరులు, మేనేజ్‌మెంట్... ఏది చదివినా దాదాపు ఏడాదే. ఫీజు మాత్రం కాలేజీని బట్టి పదిహేను వేల యూరోల దగ్గర మొదలై ముప్ఫై వేల దాకా పోతుంది. ఎంబీఏ అయితే ఇంకా పైకి. యూరోకు వంద రూపాయల చొప్పున లెక్కేసుకున్నా పదిహేను లక్షల నుంచి ముప్ఫై లక్షలు. దీనికి తోడు ఖర్చులకు పదివేల యూరోలు ఉన్నాయని వీసా వేళ చూపించాలి. ఒక మధ్యతరగతి ఇంట్లో ఈ లెక్క అంటే ప్లాటు కాగితాలో, అరెకరం పొలమో బ్యాంకు లాకర్లోకి వెళ్లడమే.

అందుకే చేరేముందు ఒక విషయం తప్పనిసరిగా చూసుకోవాలి. కోర్సు ప్రభుత్వం ఆమోదించిన జాబితాలో ఉండాలి. పట్టా ఇచ్చేది ఐర్లండ్ సంస్థే అయి ఉండాలి. డబ్లిన్‌లో కూర్చుని చదివినా, పట్టా మరో దేశపు విశ్వవిద్యాలయం పేరు మీద వస్తే చదువయ్యాక ఇచ్చే ఉద్యోగ గడువు వర్తించదు. ఈ సంగతి కొందరు ఏజెంట్లు పనిగట్టుకుని చెప్పరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మనవాళ్లు ఊరికే అనలేదు!

దిగిన నెలలోనే పరీక్ష

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కుందాం... అనుకుంటారు చాలామంది. డబ్లిన్‌లో అలా అనుకున్నవాళ్లకు తొలి దెబ్బ అక్కడే తగులుతుంది.

పెద్ద ఆడిట్ సంస్థలూ, బ్యాంకులూ కొత్త పట్టభద్రుల్ని తీసుకునే గ్రాడ్యుయేట్ ప్రోగ్రాముల దరఖాస్తులు సెప్టెంబరులో మొదలవుతాయి. చాలావరకు అక్టోబరు, నవంబరుల్లో ముగిసిపోతాయి. ఉద్యోగంలో చేరేది మాత్రం మరుసటి ఏడాది శరదృతువులో. అంటే సెప్టెంబరులో విమానం దిగిన కుర్రాడికి నిద్రవేళలు సర్దుకోకముందే, గది దొరక్కముందే, ఆ ఊరి బస్సు నంబర్లు తెలియకముందే అసలు పరీక్ష మొదలైపోతుందన్నమాట! ఏడాది తర్వాత చూసుకుందామనుకుంటే ఆ తలుపు అప్పటికే మూసేసి ఉంటుంది.

ఆ తర్వాత డిసెంబరు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మొదటి సెమిస్టర్ పరీక్షలు. వసంతంలో రెండో సెమిస్టర్. వేసవి అంతా ప్రాజెక్టు నివేదిక. చూస్తుండగానే ఆగస్టు వస్తుంది. చదువు ఒకటే ఏడాది. కానీ ఆ ఏడాదిలో ఉద్యోగ వేటకు పనికొచ్చే వారాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

చదువుకునేటప్పుడు ఇచ్చే అనుమతి పేరు స్టాంప్ 2. దీని మీద కాలేజీ రోజుల్లో వారానికి 20 గంటలు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మళ్లీ క్రిస్మస్ సెలవుల్లో 40 గంటలు పనిచేసుకోవచ్చు. పీజీ పట్టా వచ్చాక స్టాంప్ 1జి. ముందు ఏడాది, తర్వాత మరో ఏడాది పొడిగింపు. మొత్తం 24 నెలలు. ఈ రెండేళ్లూ వేరే పర్మిట్ లేకుండా పూర్తికాలం ఉద్యోగం చేయొచ్చు. సొంత వ్యాపారం మాత్రం కుదరదు.

రెండేళ్లంటే వినడానికి చాలానే అనిపిస్తుంది. మొదటి ఉద్యోగం దొరకడానికే ఆరేడు నెలలు పోతే? మిగిలింది ఏడాదిన్నర కూడా కాదు. ఈలోగా కంపెనీ తన తరఫున వర్క్ పర్మిట్‌కు ముందుకు రావాలి. అసలు చిక్కు ముడి అక్కడే ఉంది.

జాబితాలో ఉన్నారా?

ఐర్లండ్‌లో వర్క్ పర్మిట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది కీలక నైపుణ్యాల పర్మిట్. దేశానికి అవసరమై, మనుషులు దొరకని పనుల జాబితా ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంటుంది. అందులో ఉన్న పనికి ఈ పర్మిట్ ఇస్తారు. ఆ కొలువు కోసం ముందుగా స్థానికుల్ని వెతకాల్సిన పనిలేదు. రెండేళ్లు పూర్తయితే ఇక పర్మిట్‌తో నిమిత్తం లేకుండా ఉండే స్టాంప్ 4కి దరఖాస్తు చేసుకోవచ్చు. రెండోది సాధారణ పర్మిట్. దీనికోసం కంపెనీ ముందు ప్రకటన ఇచ్చి, ఐరోపావాళ్లెవరూ దొరకలేదని చూపించాలి. ఇవి రెండూ కాక అనర్హమైన పనుల జాబితా ఒకటుంది. దుకాణాల్లో అమ్మకాలు, గుమస్తా తరహా ఆఫీసు పనుల్లాంటివి అందులోకి వస్తాయి. ఆ పని ఎంత బాగా చేసినా పర్మిట్ రాదు.

జీతానికీ ఓ గీత గీశారు. 2024 జనవరి నుంచి జాబితాలోని పనులకు ఏడాదికి కనీసం 38,000 యూరోలు, సాధారణ పర్మిట్‌కు 34,000 యూరోలు ఉండాలన్నారు. 2026 నుంచి ఆ గీతను దశలవారీగా ఇంకా పైకి జరుపుతున్నారు. దీనికితోడు, సాధారణంగా ఆ సంస్థ ఉద్యోగుల్లో కనీసం సగంమంది ఐరోపావాళ్లయి ఉండాలి. అంటే మనవాళ్లే నడిపే చిన్న కంపెనీలో కొలువు దొరికినా పర్మిట్ దాకా పోకపోవచ్చు.

ఇప్పుడు ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు స్నేహితుల్ని ఊహించుకుందాం. ఒకరు అకౌంటింగ్‌లోనో, డేటా విశ్లేషణలోనో పీజీ చేశారు. అంతకుముందు హైదరాబాద్‌లో మూడేళ్లు ఆడిట్ ఆఫీసులో పనిచేశారు. రెండోవారు డిగ్రీ అవ్వగానే వచ్చి మేనేజ్‌మెంట్‌లో పీజీ చేశారు. మార్కులు ఇద్దరికీ ఒకటే. అయితే అర్హతలున్న అకౌంటెంట్లు, పన్నుల నిపుణులు, భారీ డేటాను విశ్లేషించగల బిజినెస్ అనలిస్టులు, యాక్చువరీలు కీలక నైపుణ్యాల జాబితాలో ఉన్నారు. 'జనరల్ మేనేజ్‌మెంట్ తెలిసినవారు' అన్న మాట ఏ జాబితాలోనూ లేదు! మొదటివారి దగ్గర మానేజరు అడిగే ప్రశ్న 'ఎప్పుడు చేరతారు?' అయితే, రెండోవారి దగ్గర 'రెండేళ్ల తర్వాత మీ వీసా సంగతేమిటి?' అని.

ఇందులో తెలివితేటల ప్రసక్తే లేదు. కోర్సు ఎంచుకున్న రోజునే సగం తేడా వచ్చేసింది. అందుకే కాలేజీ ర్యాంకు చూడటానికి ముందు ఆ జాబితా చూడాలి. అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగిన కాగితమే.

వీణ దాటితే...

నది మీద తెల్లటి వంతెన ఒకటుంది. పక్కకు ఒరిగిన వీణలా కనిపిస్తుంది. నిజానికి అది హార్ప్, ఐర్లండ్ జాతీయ చిహ్నం. స్పెయిన్ వాస్తుశిల్పి సాంటియాగో కలట్రావా రూపకల్పన చేశారు. రచయిత శామ్యూల్ బెకెట్ పేరు పెట్టి 2009లో తెరిచారు. ఉత్తర గట్టున బ్యాంకులు, ఫండ్ సంస్థలు. వంతెన దాటి దక్షిణానికి వెళితే గ్రాండ్ కెనాల్ డాక్. ఇంటర్నెట్ కంపెనీల పేట. దానికి 'సిలికాన్ డాక్స్' అని ముద్దుపేరు.

అమ్మకాలు, మార్కెటింగ్ చదివినవాళ్ల కలలన్నీ ఈ దక్షిణ గట్టు మీదే ఉంటాయి. ఇక్కడో సంగతి ముందే తెలియాలి. ఆ కంపెనీలు డబ్లిన్ నుంచి ఐరోపా అంతటికీ సేవలందిస్తాయి. జర్మనీ కస్టమర్‌తో జర్మన్‌లో, ఫ్రాన్స్ కస్టమర్‌తో ఫ్రెంచిలో మాట్లాడేవాళ్లు కావాలి. ఇంగ్లిషు, హిందీ, తెలుగు... మూడు భాషలు వచ్చినా ఆ కుర్చీకి అవి సరిపోవు. పైగా ఆ భాషలొచ్చిన ఐరోపా యువకుడికి పర్మిట్టే అక్కర్లేదు. 2022 చివర్లో, 2023 మొదట్లో టెక్ కంపెనీలు ఉద్యోగాలు కోసినప్పుడు ఆ సెగ ఈ గట్టుకు బాగానే తగిలింది.

ఉత్తర గట్టు మెరుపులు తక్కువ. కానీ పని ఎక్కువ. ఫండ్ల లెక్కలు, నిబంధనల అమలు, రిస్కు, పన్నులు... వినడానికి చప్పగా ఉండే ఈ పనుల్లోనే మన కామర్స్ పిల్లలకు అవకాశం కాస్త మెరుగు. మరో విచిత్రమైన వ్యాపారం విమానాల అద్దె! 1975లో షానన్‌లో మొదలైన ఓ కంపెనీతో పుట్టిన ఈ రంగానికి నేడు ప్రపంచంలోనే ఐర్లండ్ పెద్ద కేంద్రం. మనం శంషాబాద్‌లో ఎక్కే విమానాల్లో కొన్నింటి యజమానులు కూడా ఐర్లండ్ సంస్థలే. స్మర్ఫిట్ స్కూలులో అయితే విమానయాన ఫైనాన్స్‌కే ప్రత్యేకంగా ఒక పీజీ ఉంది.

గది దొరికితే గెలిచినట్టే

డబ్లిన్‌లో ఉద్యోగం కన్నా ముందు వెతకాల్సింది గది. ఇళ్ల కొరత అక్కడ ఎన్నికల్లో కూడా పెద్ద చర్చే. సొంతంగా ఒక గది కావాలంటే నెలకు వెయ్యి యూరోలకు అటూ ఇటూ అవుతుంది. అందుకే చాలామంది గదిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. బ్లాంచర్డ్స్‌టౌన్, లూకన్, టాలా లాంటి శివారు పేటల్లో సర్దుకుంటారు.

'అక్కడ పార్ట్‌టైమ్ చేసుకుని ఫీజు కట్టేసుకుంటాడు' అని ఇక్కడ చాలా ఇళ్లల్లో అనుకుంటారు. లెక్క చూద్దాం. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకు 14.15 యూరోలు. వారానికి 20 గంటలు చేస్తే 283 యూరోలు. నెలకు సుమారు 1,200. అద్దె, తిండి, బస్సు పాసు పోగా చేతిలో మిగిలేది చాలా కొద్ది. పార్ట్‌టైమ్ పొట్ట నింపుతుంది. ఫీజు కట్టదు. ఆ ఇరవై గంటల్ని దాటి రహస్యంగా పనిచేస్తే అసలుకే మోసం వస్తుంది.

భయం కూడా లేకపోలేదు. 2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద వరసగా దాడులు జరిగాయి. ఆగస్టు ఒకటిన భారత రాయబార కార్యాలయం జాగ్రత్తగా ఉండాలంటూ ప్రకటన ఇచ్చింది. దాడులను ఆ దేశ నాయకులే ఖండించారు. ఇరుగుపొరుగు ఐరిష్ కుటుంబాలు మనవాళ్లకు తోడుగా నిలిచాయి. అయినా రాత్రి షిఫ్టు ముగించుకుని ఆఖరి బస్సు దిగే పిల్లల గుండె కొన్నాళ్లు గట్టిగానే కొట్టుకుంది.

ఊరటనిచ్చేవీ ఉన్నాయి. మూర్ వీధి చుట్టుపక్కల దుకాణాల్లో మన పప్పులు, పచ్చిమిర్చి దొరుకుతాయి. వాకిన్‌స్టౌన్‌లో 2020లో తెరిచిన హిందూ ఆలయం ఉంది. ఆదివారం ఎవరి గదిలోనో పప్పుచారు కాగుతుంది. ఆ వాసనకు పది మంది చేరతారు. ఉద్యోగాల కబుర్లు పుట్టేవీ అక్కడే. ఫలానా కంపెనీలో ఖాళీ ఉందనీ, ఫలానా మేనేజరు మంచాయన అనీ.

ఆదివారం ఫోను

డబ్లిన్‌లో మధ్యాహ్నం మూడైతే మనకు రాత్రి ఏడున్నర. చలికాలంలో ఎనిమిదిన్నర. ఆదివారం ఆ వేళకు ఇక్కడి ఇళ్లల్లో ఫోను మోగుతుంది.

'ఏం నాన్నా, ఉద్యోగం సంగతేమైంది?'

'చూస్తున్నా నాన్నా, రెండు ఇంటర్వ్యూలు ఉన్నాయి.'

అటువైపు చెప్పనివి కొన్ని ఉంటాయి. యాభయ్యో, వందో దరఖాస్తులకు జవాబే రాలేదని చెప్పరు. ఇటువైపూ చెప్పనివి ఉంటాయి. బ్యాంకు నుంచి వడ్డీ నోటీసు వచ్చిందని అనరు. ఎదురింటివాళ్ల అబ్బాయికి అమెరికాలో కొలువు దొరికిందన్న మాటైతే నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇద్దరూ ప్రేమతోనే దాస్తారు. ఆ దాపరికమే రెండేళ్ల గడువును ఇంకా బరువెక్కిస్తుంది.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, పట్టా రాగానే కొలువు రాదు. ఈ చదువుతో కొనుక్కునేది ఉద్యోగం కాదు, ఉద్యోగం వెతుక్కునే గడువు. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ ముందే అర్థమైతే సగం బాధ తగ్గుతుంది. వెళ్లేముందే కూర్చుని మూడు లెక్కలు రాసుకోవాలి. ఉద్యోగం వెంటనే వస్తే ఏం చేయాలి, ఏడాది ఆలస్యమైతే వడ్డీ ఎవరు కట్టాలి, రాకపోతే తిరిగొచ్చి ఏం చేయాలి. మూడోదాన్ని అపశకునంగా భావించి చాలామంది రాసుకోరు. నిజానికి ముందు రాసుకోవాల్సింది అదే.

తిరిగి రావడమంటే ఓడిపోవడమేం కాదు. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో అంతర్జాతీయ బ్యాంకుల, ఫండ్ సంస్థల ఆఫీసులు ఎన్నో ఉన్నాయి. లిఫీ ఒడ్డున జరిగే పనిలో చాలా భాగం ఇప్పుడు హైదరాబాద్‌లోనూ జరుగుతోంది. ఐరోపా నిబంధనలు అక్కడే చదువుకుని, ఏడాదో రెండేళ్లో పనిచేసి వచ్చినవాళ్ల అనుభవానికి ఇక్కడ విలువ ఉంది. అయితే అప్పు మొత్తం ఇక్కడి జీతానికి తీరేంతగా ఉండాలి. యూరోల జీతం వస్తుందనుకుని చేసిన అప్పును రూపాయల్లో తీర్చడమే కష్టం. కాబట్టి ఎంత అప్పు చేయాలన్నది అక్కడి జీతాన్ని కాదు, ఇక్కడి జీతాన్ని చూసి నిర్ణయించుకోవాలి.

ఆ ఓడ కథ

మళ్లీ కస్టమ్ హౌస్ రేవుకు వద్దాం. కరువు రోజుల్లో కిక్కిరిసిన ఓడల్లో రోగాలతో ఎంతోమంది నడి సముద్రంలోనే చనిపోయేవారు. వాటిని 'శవపేటిక ఓడలు' అనేవారు. కానీ జీనీ జాన్‌స్టన్ అనే ఓడ మాత్రం వేరు. 1848 నుంచి 1855 వరకు పదహారు ప్రయాణాల్లో దాదాపు రెండున్నర వేలమందిని అమెరికా ఖండానికి చేర్చింది. ఒక్క ప్రాణమూ పోలేదు! దాని నమూనా ఓడను ఈ రేవులోనే చాలా ఏళ్లపాటు ప్రదర్శనకు ఉంచారు.

ఆ ఓడకు మంత్రాలేం లేవు. మోయగలిగినంతమందినే ఎక్కించుకుంది. వెంట ఒక వైద్యుణ్ని తీసుకెళ్లింది. అంతే తేడా.

సాయంత్రం అవుతుంది. ఆఫీసులు వదులుతాయి. కంచు మనుషుల పక్క నుంచి పిల్లలు మళ్లీ ట్రామ్ వైపు నడుస్తారు. కొందరి మెడలో కంపెనీ కార్డు. కొందరి చేతిలో ఇంకా మడతపెట్టిన దరఖాస్తే. తుంపర అందరి మీదా ఒకేలా పడుతూనే ఉంటుంది.